గదియు, ఆటయు

రాయలసీమ దక్షిణపు కొసను, కర్ణాటక తమిళనాడుల సరిహద్దుల చెంత, మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లు కలవు. మదనపల్లెలో బయలుదేరిన బాటసారి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పము చేరవచ్చును. త్రోవ పొడవునను బండరాళ్ల గుట్టలు, చెరువులు, వేరుసెనగ చేలు, టమాటా తోటలు, మామిడి తోపులు కనబడును. ఈ మూడింటిలో ఏదియు మహానగరము కాదు. అయినను, మనుష్యుడు నివసించు గది అతని దేహమును, అతడు ఆడు ఆట అతని మనస్సును ఎట్లు తీర్చిదిద్దునో తెలిసికొనగోరువారికి ఈ ప్రాంతమున నేర్చుకొనదగిన విషయములు పెక్కు కలవు.

గదిని కట్టువాడు గోడలను, కిటికీలను, తలుపులను అమర్చును. ఆటను కల్పించువాడు నియమములను, గెలుపోటములను అమర్చును. ఇరువురి పనియు ఒక్కటియే. లోపలికి వచ్చినవాడు ఎటు చూడవలెనో, ఎక్కడ ఆగవలెనో, ఎప్పుడు బయటికి పోవలెనో వారు ముందే నిర్ణయించి యుందురు. నిర్ణయించినవాడు మాత్రము కంటికి కనబడడు. అందుచేత లోపలనున్నవాడు తన యిష్టము వచ్చినట్లే తాను నడచుకొనుచున్నాననుకొనును. కావున గదిని గాని, ఆటను గాని పరీక్షింపగోరువారు ముఖ్యముగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. అందుండి బయటికి వచ్చునప్పటికి మనుష్యుడు ఎట్లున్నాడు? బలము పొంది వచ్చినాడా, ఉన్న బలము పోగొట్టుకొని వచ్చినాడా?

మదనపల్లెకు కొలది మైళ్ల దూరమున ఆరోగ్యవరము కలదు. క్షయరోగమునకు మందు లేని దినములలో ఈ స్థలము దక్షిణదేశమంతట పేరు వడసినది. 1882లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ క్షయను కలిగించు సూక్ష్మజీవిని కనుగొనెను. శత్రువు తెలిసినను, దానిని చంపు ఆయుధము మాత్రము అరువది సంవత్సరములకు పైగా దొరకలేదు. స్ట్రెప్టోమైసిను అను మందు 1943లో గాని వెలువడలేదు. ఆ నడుమ కాలమున రోగికి వైద్యులు ఇయ్యగలిగినవి నాలుగే: మంచి గాలి, ఎండ, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి. ఈ నాలుగింటిని ఒక్కచోట సమకూర్చుటకై ఏర్పడిన చికిత్సాలయములకే శానిటోరియములని పేరు.

1912లో పలు క్రైస్తవ మిషనులు ఏకమై మదనపల్లెలో ఇట్టి చికిత్సాలయమునకు పునాది వేసినవి. డేన్మార్కు దేశమునుండి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి సారథియై నిలిచెను. 1915 నాటికి అది ఆరోగ్యవరమున నెలకొనెను. ఆ స్థలమును ఎన్నుకొనుటకు కారణము లేకపోలేదు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. గాలి పొడిగా నుండును. కోస్తా పట్టణముల ఉక్క ఇచ్చట లేదు.

ఆ కాలపు శానిటోరియము లోపలి అమరికను గమనించినచో, అందలి ప్రతి వస్తువును ఒక ఉద్దేశముతో ఉంచినట్లు తెలియును. పైకప్పు ఎత్తుగా నుండును. కిటికీలు పెద్దవి, అవి ఎదురెదురుగా నుండుటచే గాలి ఒకవైపున ప్రవేశించి మరియొకవైపున వెడలిపోవును. గదుల ముందు పొడవైన వరండాలు ఉండును. రోగుల మంచములను అచ్చటికి తెచ్చి వేయుదురు. మంచమునకు మంచమునకు నడుమ తగినంత ఎడము ఉంచుదురు. రోగి కొంత కోలుకొనగానే కొద్దిదూరము నడచుట, ఆ పిమ్మట మరికొంత దూరము నడచుట, తరువాత తేలిక పని చేయుట అను క్రమము నియమింపబడును. గది రోగిని పట్టి యుంచుటకై కాదు, ఇంటికి పంపుటకై కట్టబడినది.

ఇదే కాలమున దూరదేశమున ఒక శిల్పి ఈ ఆలోచనను మరింత లోతునకు గొనిపోయెను. ఫిన్లాండు దేశమున పైమియో అను చోట 1933లో ఒక శానిటోరియము పూర్తి యయ్యెను. దానిని రూపొందించినవాడు ఆల్వార్ ఆల్టో. సాధారణముగా గదిని, అందు నిలిచి చూచువాని కన్నులతో అలంకరింతురు. ఆల్టో అట్లు చేయలేదు. రోగి దినమంతయు వెల్లకిల పరుండియుండును గదా! అతని కన్నుల యెదుట ఉండునది గోడ కాదు, పైకప్పు. కావున పైకప్పునకు కన్నులకు ఇంపైన ముదురు ఆకుపచ్చ రంగు వేయించెను. ఒక గదిలో ఇద్దరు రోగులు ఉందురు. ఒకరు చేతులు కడుగుకొనునపుడు నీటి చప్పుడుకు మరియొకరి నిద్ర చెడరాదని, నీరు ఏటవాలుగా పడునట్టి తొట్టిని కల్పించెను. కూర్చున్నవానికి ఊపిరి సులభముగా ఆడునట్లు వెనుకకు వాలిన కుర్చీని చేయించెను. ఇవి చూచుటకు చిన్న విషయములు. కాని ఒకే గదిలో నెలల తరబడి పరుండవలసిన వానికి వీనికంటె పెద్ద విషయములు లేవు.

కిటికీలోనుండి కనబడు దృశ్యము సైతము రోగికి మేలు చేయునా? ఈ ప్రశ్నకు రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు 1984లో ఒక సమాధానము ప్రకటించెను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక ఆసుపత్రిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన 46 మంది రోగుల కాగితములను అతడు పరిశీలించెను. అందు సగము మంది గదుల కిటికీలనుండి చెట్లు కనబడుచుండెను. తక్కిన సగము మందికి ఇటుక గోడ మాత్రమే కనబడుచుండెను. చెట్లను చూచినవారు సగటున సుమారు ముప్పాతిక దినము ముందుగా ఇంటికి వెళ్లిరి. తీవ్రమైన నొప్పిమందులు వారికి తక్కువగా అవసరమైనవి. శస్త్రము ఒక్కటే, ఆసుపత్రి ఒక్కటే. కిటికీ యవతల నున్నది మాత్రము వేరు.

అయినను గది చేయగలిగిన దానికి ఒక హద్దు కలదు. ఆ హద్దును లోకమునకు చూపిన పరిశోధన సైతము ఈ దక్షిణదేశముననే జరిగినది. 1956లో మద్రాసు నగరమున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఒకటి ప్రారంభమయ్యెను. క్షయకు కొత్తమందులు అప్పటికి వచ్చియుండెను. కాని శానిటోరియములలో పడకలు కొలది, రోగులు లక్షలు. కేంద్రమువారు 193 మంది పేదరోగులను రెండు భాగములు చేసి, ఒక భాగము వారిని శానిటోరియమున ఉంచిరి. రెండవ భాగము వారికి వారి యిండ్లయందే అవే మందులను ఒక సంవత్సరము పాటు ఇచ్చిరి. ఆ యిండ్లు ఇరుకైనవి. ఆహారము సామాన్యమైనది. అయినను 1959లో ప్రకటించిన ఫలితములలో ఇరు భాగముల వారికిని కలిగిన మేలు ఇంచుమించు సమముగా నుండెను. ఇంటివద్ద నున్న రోగుల కుటుంబములవారికి రోగము అధికముగా అంటనులేదు. మందును క్రమము తప్పక తినుటయే ప్రధానమని దీనివలన తేలినది. ప్రపంచమంతట క్షయచికిత్స శానిటోరియములనుండి ఇండ్లకు మరలినది.

అట్లైనచో ఆరోగ్యవరపు కిటికీలు వ్యర్థమైనవా? అట్లు తలపరాదు. మందు చేయవలసిన పనిని గది చేయలేదు. కాని రోగము ఒకరినుండి మరియొకరికి వ్యాపింపకుండ చేయుటలో గదికి గొప్ప శక్తి కలదు. క్షయక్రిములు గాలిలో తేలుచుండును. గాలి మారిన కొలదియు వాని సంఖ్య తగ్గిపోవును. దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు రాజధాని లీమాలో ఎనిమిది ఆసుపత్రులయందలి 70 గదులను పరిశోధకులు పరీక్షించి, 2007లో తమ ఫలితములను వెల్లడించిరి. తలుపులు, కిటికీలు తెరచినపుడు గంటకు సగటున 28 మారులు గదిలోని గాలి మారుచుండెను. యంత్రములతో గాలిని మార్చు గదులలో అది 12 మారులు మాత్రమే. ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలు గల పాత కట్టడములే కొత్తవానికంటె మేలని తేలినది. ఆరోగ్యవరము వంటి చోటులను కట్టినవారికి ఈ లెక్కలు తెలియవు. కాని రోగి మేలును మనస్సున నుంచుకొని కట్టుటచే వారి కట్టడము సరియైనదయ్యెను. శానిటోరియముల యుగము గడచిన పిమ్మటను ఆరోగ్యవరము మూతపడక, అన్ని రోగములకు చికిత్స చేయు వైద్యకేంద్రముగా మారినది.

రోగిని విడిచి విద్యార్థిని చూచినను ఇదే సత్యము కనబడును. మదనపల్లెకు సమీపమున కొండల నడుమ రిషి వ్యాలీ విద్యాకేంద్రము కలదు. 1895లో మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలపై ఇది వెలసినది. దాని చుట్టుపట్ల పల్లెలలో చిన్న పాఠశాలలు నడపవలసివచ్చినపుడు ఒక చిక్కు ఎదురయ్యెను. పల్లెలో బడికి వచ్చు పిల్లలు ఇరువది ముప్పది మంది. వారిలో ఒకటవ తరగతివాడు మొదలు అయిదవ తరగతివాని వరకు అందరును ఉందురు. గది ఒక్కటి, ఉపాధ్యాయుడు ఒక్కడు. అతడు ఒక తరగతికి పాఠము చెప్పుచుండగా తక్కిన నాలుగు తరగతులవారు ఊరక కూర్చుందురు. పంటకోతలకు, పశువులను కాచుటకు పోయి పదిదినములు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చునప్పటికి పాఠము ముందుకు పోయియుండును. వానికి ఏమియు అర్థము కాదు. సిగ్గుపడి, క్రమముగా బడి మానివేయును.

1980ల చివరనుండి పద్మనాభరావు, రమ దంపతులు తమ సహచరులతో కలసి ఈ చిక్కునకు ఒక ఉపాయమును రూపొందించిరి. చదువును ఒక నిచ్చెనగా వారు భావించిరి. పాఠ్యపుస్తకమును చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క అట్టముక్కను తయారుచేసిరి. ప్రతి అట్టముక్కపైనను ఒక బొమ్మ గుర్తు ఉండును. గోడపై వ్రేలాడు నిచ్చెన పటములో పిల్లవాడు తాను ఏ మెట్టుపై నున్నాడో చూచుకొని, ఆ గుర్తుగల అట్టముక్కను తానే తీసికొనును. కొన్ని మెట్లకు ఉపాధ్యాయుని సాయము కావలెను. కొన్నిటికి తోడి పిల్లల సాయము చాలును. కొన్నిటిని పిల్లవాడు ఒంటరిగా చేయగలడు. ఆయా పనులను బట్టి పిల్లలు గుంపులుగా గుండ్రముగా కూర్చుందురు. ఒకవైపునకే చూచు వరుసలు పోయినవి. మెట్లలో ఆటలు, పాటలు, కథలు, పొడుపుకథలు సైతము కలవు.

ఈ అమరికలోని సొగసు బడి మానిన పిల్లవాని విషయమున తెలియును. పదిదినముల తరువాత తిరిగివచ్చినవాడు పదిదినముల క్రిందట తాను విడిచిన మెట్టునుండియే మొదలు పెట్టును. వాడు వెనుకబడినట్లు ఎవరును ఎంచరు. పరీక్షమెట్టు దాటలేనివానికి మరియొకసారి అభ్యాసము చేయుటకు వేరు అట్టముక్క ఉండును. దానిని ముగించి తిరిగి ప్రయత్నించును. తప్పు చేయుట అవమానము కాక, త్రోవలో ఒక మలుపు మాత్రమే యగును. ఈ పద్ధతిని చూచి నేర్చుకొన్నవారు దీనిని పలుచోట్లకు గొనిపోయిరి. 2003 ప్రాంతమున చెన్నై నగరపాలక పాఠశాలలలో ప్రారంభమై, తరువాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వ్యాపించిన కృత్యాధార బోధనకు ఇది ప్రేరణ యయ్యెను.

ఆ నిచ్చెన పటము నెదుట నిలిచిన పిల్లవానికి అది చదువువలె తోచదు, ఆటవలె తోచును. దాని పోలిక ఎచ్చటనుండి వచ్చినదో తెలియవలెనన్నచో మదనపల్లెను విడిచి పుంగనూరు వంటి పాత పట్టణముల వీథులలో నడువవలెను. పుంగనూరు ఒకప్పుడు జమీందారీ సంస్థానము. పొట్టి జాతి ఆవులకు అది పేరుపొందినది. మేత కొరవడిన మెట్టసీమకు తగిన చిన్న దేహము ఆ ఆవుది. ఈ సీమలోని పాత యిండ్లు సైతము అట్టివే. అవి ఉన్న వసతికి తగినట్లు అమరినవి. ఇంటి ముందు రాతి అరుగులు, లోపల వెలుతురు కొరకు నడుమ తెరపి, ఎండవేడి చొరని దళమైన గోడలు, మట్టి మిద్దె. అరుగు ఇంటివానికే కాక బాటసారికిని ఉపయోగపడును. సాయంకాలము పెద్దలు అచ్చట చేరి మాటలాడుదురు. పిల్లలు ఆడుకొందురు. మనుష్యుని ఏకాకిగా చేయక పదిమందితో కలుపు గది అది. దానికి తలుపే లేదు.

అరుగులపైనను, దేవాలయ మండపముల రాతిబండలపైనను గీతలు చెక్కిన పులిజూదపు పటములు రాయలసీమలో పలుచోట్ల కనబడును. ఈ ఆటలో పులులు మూడు, మేకలు పదునైదు, నిలుచు స్థానములు ఇరువదిమూడు. పులి మేకపై దూకి దానిని చంపవచ్చును. మేకకు దూకు శక్తి లేదు. తొలిచూపునకు ఇది అన్యాయముగా కనబడును. కాని మేకలు ఒకదాని వెనుక ఒకటి చేరి నిలిచినచో పులికి దూకుటకు చోటు దొరకదు. కడకు పులులు కదలలేక చిక్కుకొనును. బలము ఒకరికి, సంఖ్య మరియొకరికి ఇచ్చి, రెండింటిని తూచినట్లు అమర్చిన పూర్వుల నేర్పు ఇందు తెలియును. ఓడినవాడు ఏ ఎత్తు తప్పినదో తలచుకొనుచు ఇంటికి పోవును. మరునాడు దానిని దిద్దుకొని ఆడును.

వైకుంఠపాళి మరియొక విధమైన ఆట. అందు నేర్పునకు చోటు లేదు. గవ్వలు పడిన తీరే గతి. పుణ్యములకు నిచ్చెనలు, పాపములకు పాములు. పైకి చేరువయైనవానిని క్రిందికి దింపు పెద్దపాము సైతము కలదు. ఆశయు, భయమును ఒకదాని వెంట ఒకటి వచ్చుటయే దాని ఆకర్షణ. ఇది 19వ శతాబ్ది చివర ఇంగ్లండు చేరి పిల్లల ఆటగా మారినది. పులిజూదమునకును వైకుంఠపాళికిని ఒక సామాన్య లక్షణము కలదు. రెండును ముగియును. ఎవరో ఒకరు గెలుతురు. దీపము పెట్టు వేళకు గవ్వలు పెట్టెలో చేరును. ఆడినవారు భోజనమునకు లేతురు.

సెల్‌ఫోనులోను, కంప్యూటరులోను ఆడు నేటి ఆటలు ఈ పూర్వపు ఆటలకు వారసులే. చిన్న మెట్లు, ఒక్కొక్క మెట్టు దాటగానే బహుమానము, ఓడినను మరల ప్రయత్నించు అవకాశము: వీనిని నేర్పుగా కూర్చినచో ఆట మనస్సును పట్టి నిలుపును. 1984లో మాస్కో నగరమున అలెక్సీ పజిట్‌నోవ్ కల్పించిన టెట్రిసు అను ఆటలో పైనుండి పడు ముక్కలను ఖాళీ లేకుండ పేర్చుటయే పని. దానికి కథ లేదు, వీరుడు లేడు. అయినను ప్రపంచమంతయు దానిని ఆడినది. చేసిన పనికి ఫలము వెంటనే కనబడుటయు, కష్టము కొంచెము కొంచెముగా పెరుగుటయు అందుకు కారణములు. ఈ గుణములలో దోషము లేదు. పల్లెబడి నిచ్చెనలోను ఇవే గుణములు కలవు.

దోషము వేరొకచోట ప్రవేశించును. బి. ఎఫ్. స్కిన్నర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు పావురములతో ప్రయోగములు చేసెను. బిళ్లను ముక్కుతో పొడిచిన ప్రతిసారియు గింజలు వచ్చునట్లు అమర్చినపుడు, ఆకలి తీరగానే పావురము మానివేయుచుండెను. ఎప్పుడు వచ్చునో తెలియకుండ, ఒకసారి వచ్చి, ఇరువదిసార్లు రాక, మరల వచ్చునట్లు అమర్చినపుడు మాత్రము అది విసుగు లేక పొడుచుచునే యుండెను. 1957లో స్కిన్నర్, ఫెర్‌స్టర్ అను శాస్త్రజ్ఞులు ఈ ఫలితములను గ్రంథముగా వెలువరించిరి. జూదపు యంత్రము పనిచేయునది ఈ సూత్రముపైననే. నేడు కొన్ని సెల్‌ఫోను ఆటలలో లోపల ఏమున్నదో తెలియని బహుమతి పెట్టెలుండును. వానిని డబ్బిచ్చి తెరువవలెను. ప్రతిదినము ఆడకున్నచో అంతవరకు కూడబెట్టినది పోవునని కొన్ని బెదరించును. అన్నిటికంటె ముఖ్యముగా, వానికి ముగింపు లేదు. గవ్వలు పెట్టెలో చేరు వేళ వానిలో రాదు. శానిటోరియము రోగిని ఇంటికి పంపుటకు కట్టబడినది. ఇట్టి ఆట వచ్చినవానిని బయటికి పోనీయకుండుటకు కట్టబడినది.

దీని ఫలితములు చిన్నవి కావు. ఆటను అదుపులో నుంచుకొనలేక, నిద్రను, చదువును, బంధువులను విడిచి, నష్టము కనబడుచున్నను ఆడుట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక రుగ్మతగా గుర్తించినది. 2019లో అంగీకరింపబడిన ఆ రోగముల పట్టిక 2022 జనవరినుండి అమలులోనికి వచ్చెను. ఆటలాడు ప్రతివానికిని ఈ రుగ్మత కలుగదు, కొలదిమందికే కలుగును. కాని కలిగినవానికి అది నిజమైన బాధ. డబ్బు పందెమునకు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలవలన కుటుంబములు అప్పులపాలగుట చూచి, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వానిని నిషేధించుటకు పూనుకొనెను. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు డబ్బుతో ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు చట్టము చేసినది.

అదే సాధనము మంచి సంకల్పముతో రూపొందినపుడు ప్రాణమునకు తోడుపడును. క్షయరోగి మందును క్రమముగా తినుటయే ప్రధానమని మద్రాసు పరిశోధన చూపినది గదా! కాన్సరు వచ్చిన యువకుల విషయమునను ఇదే చిక్కు. కొంత నయము కాగానే వారు మందులు మానుచుందురు. ఇట్టివారికై రీమిషన్ అను ఒక కంప్యూటరు ఆటను అమెరికాలో కల్పించి 2006లో విడుదల చేసిరి. అందు ఆటగాడు ఒక చిన్న యంత్రపు బొమ్మను రోగి దేహములోనికి నడపి, మందులనే ఆయుధములుగా చేసికొని రోగకణములతో పోరాడును. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలోని 34 వైద్యశాలలయందు 375 మంది రోగులతో చేసిన పరిశోధన 2008లో ప్రకటింపబడినది. ఈ ఆట ఆడినవారు, వేరొక మామూలు ఆట ఆడినవారికంటె క్రమముగా మందులు వేసికొనిరి. తమ రోగమును గూర్చి ఎక్కువ తెలిసికొనిరి. ఇచ్చట ఆట మందు కాలేదు. గది యెట్లు మందు కాదో అట్లే. కాని చేయి మందువైపునకు పోవునట్లు అది చేసినది.

ప్రయాణము కుప్పముతో ముగియును. ఆ పట్టణమునకు సమీపమున, గుడివంక ప్రాంతమున, 1999లో ఏర్పడిన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషను వారి 172 ఎకరాల ఆవరణము కలదు. ఒకప్పుడు ఎండి బీడుపడియున్న ఆ నేలపై వారు చెట్లు పెంచిరి. గ్రామీణ ప్రాంతముల ప్రభుత్వ పాఠశాలల పిల్లలు అచ్చటికి వచ్చి శాస్త్రవిషయములను చేతితో చేసి నేర్చుకొందురు. పలు బడులలో శాస్త్రపరికరములు బీరువాలో తాళము క్రింద ఉండును. పగిలిపోవునని పిల్లలను ముట్టనీయరు. ఇచ్చట నియమము దానికి తారుమారు. పరికరము బల్లపై, పిల్లవాని చేతికి అందు ఎత్తున ఉండును. తక్కువ ధరకు దొరకు వస్తువులతో చేసినది కావున పగిలినను మరల చేయవచ్చును. బల్ల ఎత్తును, తాళము లేకపోవుటను చిన్న విషయములుగా తలచువారు కలరు. కాని "ముట్టకుము" అని చెప్పు గది ఒక విధమైన పిల్లవానిని తయారుచేయును. "ముట్టి చూడుము" అని చెప్పు గది మరియొక విధమైన పిల్లవానిని తయారుచేయును.

కుప్పము వరకు రాలేని పిల్లల కొరకు పరికరములను మోటారుబండ్లకు ఎక్కించి పల్లెలకు పంపుదురు. బడి ముంగిటనో, చెట్టునీడనో బల్లలు వేయుదురు. అదియే ఆనాటి ప్రయోగశాల. నేర్చుకొన్న పిల్లలలో కొందరు తోడి పిల్లలకు ప్రయోగములు చేసి చూపుదురు. పాఠము వినినవాడు పాఠము చెప్పువాడై బయటికి వచ్చుచున్నాడు.

ఈ విషయములనుండి సామాన్య గృహస్థుడును, విద్యార్థియు నేర్చుకొనదగినది కలదు. మంచి గదికి ధనము ముఖ్యము కాదు. ఒక్కగది యింటిలోనైనను ఉదయమున కిటికీ తెరువవచ్చును. చదువుకొను మూలను వెలుతురున్నవైపునకు మార్చవచ్చును. గోడకు సున్నము కొట్టినచో వెలుగు హెచ్చును. కిటికీ యెదుట ఒక మొక్క నాటవచ్చును. రాత్రివేళ సెల్‌ఫోనును పడకకు దూరముగా, మరియొక గదిలోనో, అలమరలోనో ఉంచవచ్చును. పక్కనున్న వస్తువు పిలుచుచునే యుండును. దూరముగా నున్నది పిలువదు. మనస్సును అదుపు చేయుటకంటె గదిని సవరించుట సులభము.

ఆటను ఎన్నుకొనుటయు అట్లే. దానికి ముగింపు కలదా? ఓటమి ఏమైనను నేర్పుచున్నదా? లేచిపోవుటకు త్రోవ చూపుచున్నదా? ఈ ప్రశ్నలకు "అవును" అని సమాధానము చెప్పగల ఆట, రాతిబండపై గీసినదైనను, గాజుతెరపై వెలుగునదైనను మంచిదే.

ఆరోగ్యవరపు వరండాలో పరుండిన రోగికి కొండగాలి వీచునట్లు చేసినవాడెవరో తెలియదు. మండపపు బండపై పులిజూదపు గీతలు చెక్కినవాని పేరు ఎచ్చటను వ్రాసి లేదు. కాని వారు లోపలికి వచ్చువాని క్షేమమును తలచి పని చేసిరి. నేటి బాలబాలికలలో కొందరు రేపు ఇండ్లు కట్టుదురు, ఆసుపత్రులు కట్టుదురు, కంప్యూటరు ఆటలు కల్పింతురు. తాము కట్టిన దానిలోనికి ఎందరు వచ్చిరను లెక్కతో వారు తృప్తి పడరాదు. వచ్చినవారు ఎట్లు బయటికి వెళ్లిరో దానిని లెక్కింపవలెను.

అభ్యాసము

1. క్షయకు మందు లేని కాలమున శానిటోరియములలోని గదులను ఎట్లు అమర్చిరి? కారణములు వ్రాయుము.
2. మద్రాసు పరిశోధన వలన గది శక్తికి గల హద్దు ఎట్లు తెలిసినది?
3. బడి మాని తిరిగివచ్చిన పిల్లవానికి నిచ్చెన పద్ధతి ఎట్లు తోడ్పడును?
4. పులిజూదమునకును, ముగింపు లేని సెల్‌ఫోను ఆటకును గల భేదమును వివరింపుము.
5. మీ పాఠశాలలోని ఒక గదిని పరిశీలించి, అందు మార్పదగిన మూడు విషయములను కారణములతో వ్రాయుము.